మా అమ్మమ్మ ఐసును కొట్టిన రోజు

నా చిన్నప్పుడు ఆర్.కె. పురం క్వార్టర్స్ ఆడపిల్లలం ఐస్ హాకీ క్లబ్బు పెట్టామంటే ఇప్పటి పిల్లలు నమ్మరు. "దీదీ, ఆ రోజుల్లో ఢిల్లీలో ఐస్ ఉండేదా?" అని అడుగుతారు. ఇంకా ముప్పై నిండలేదు తల్లీ నాకు!

ఉండేది, పక్కనే గుర్‌గావ్‌లో, ఒక మాల్‌లోని స్కేటింగ్ రింకులో. మా పక్కింటి అక్క, వాళ్ల నాన్నగారు లద్దాఖ్‌లో పనిచేసినప్పుడు ఈ ఆట నేర్చుకొచ్చింది. వచ్చి ఊరుకుందా? బతిమాలి, బెదిరించి తనతో కలిపి ఆరుగురిని పోగుచేసింది. ఆటకు కావలసిందీ ఆరుగురే. మాల్ మేనేజరు మాత్రం ఒక్క మ్యాచైనా పూర్తిగా ఆడకపోతే ఆదివారం మాకిచ్చే గంటను పుట్టినరోజు పార్టీలకు ఇచ్చేస్తానన్నాడు.

ఆ మొదటి మ్యాచ్‌కి మా అమ్మమ్మ వచ్చింది. కాకినాడ మనిషి, ఢిల్లీ చలే పడదు. మంకీ క్యాప్, రెండు శాలువాలు, చీర కింద తాతయ్య సాక్సులు.

ఆట మొదలైన కాసేపటికే నేను దబ్బున పడ్డాను. దెబ్బ చిన్నదే, సిగ్గు పెద్దది. అవతలి జట్టు కిసుక్కుమంది. ఇక లేవనని భీష్మించుకుని ఏడుపు లంకించుకున్నాను. నేను లేవకపోతే మ్యాచ్ లేదు, క్లబ్బూ లేదు. పాపం, అక్క మొహం పాలిపోయింది.

అంతలో అమ్మమ్మ గేటు తోసుకుని ఐసు మీదికి వచ్చేసింది. "మాతాజీ, గిర్ జాయేంగీ!" అంటూ, పడిపోతారని గార్డు భయ్యా అరుస్తూనే ఉన్నాడు. రెండడుగులు వేసిందో లేదో, జర్రున జారి నా పక్కనే చతికిలపడింది. అలా కూర్చునే ఐసును అరచేత్తో ఫట్‌మని కొట్టింది. "నా మనవరాలినే పడేస్తావా? మళ్లీ పడేశావంటే చూడు! కొట్టేశానమ్మా దాన్ని, ఇక లే."

తప్పటడుగులు వేసే పిల్లలు పడితే మన ఇళ్లలో నేలను కొట్టి బుజ్జగిస్తారే, అచ్చం అలాగే, పదకొండేళ్ల గాడిదకి! అవతలి గోల్‌కీపరు పొట్ట పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నేనూ ఓ దెబ్బ వేసి లేచాను. అక్కా నేనూ చెరో రెక్కా పట్టుకుని అమ్మమ్మను ఒడ్డుకు చేర్చాం.

చిత్తుచిత్తుగా ఓడిపోయాం. కానీ చివరిదాకా ఆడాం, ఆదివారం గంట మాకే దక్కింది.

ఇప్పుడు క్లబ్బులో తెలుగు ముక్క రాని పిల్లలే ఎక్కువ. పడగానే ఐసుకు ఒకటిచ్చి లేస్తారు. ఎందుకో వాళ్లకి తెలియదు, సీనియర్లు చేస్తారని చేస్తారు.

మొన్న నా ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చి నేల మీద కూలబడి భోరుమన్నాను. నా తరఫున కొట్టడానికి అమ్మమ్మ ఇప్పుడు లేదు. నేనే నేలకు గట్టిగా ఒకటిచ్చాను. లేచి టీ పెట్టుకున్నాను.