గట్టు మీద నాలుగు వందల మీటర్లు

ఎర్ర సిరాతో కొట్టివేసిన పొజ్జే పేరు చూసి శిక్షకురాలు సోమక్కకు ఒళ్లు మండిపోయింది. జగదల్‌పూర్ శివారు మైదానంలో ఆనాడు క్రీడా అకాడమీ ఎంపికలు. రెండు వందల మీటర్ల పందెంలో రెండు గీతల మధ్య తన గడిలోనే పరుగెత్తవలసిన ఆ పదహారేళ్ల దోర్ల తెగ పిల్ల, వంపు రాగానే ముందున్న అమ్మాయి గడిలోకి జారి, ఆమె వెనకే పరుగెత్తింది.

"రూల్ రూలే మేడమ్. లైన్ దాటింది, పోటీ నుంచి బాహర్," అన్నాడు అధికారి వికాస్.

నిబంధన న్యాయమైనదే. అయితే పొజ్జే ఊరికి వంపు గీతలు గీసిన మైదానం ఈనాటికీ రాలేదు. గీత దాటినందుకు శిక్ష మాత్రం ముందే వచ్చింది. వయోపరిమితి ప్రకారం ఆమెకు ఇదే ఆఖరి అవకాశం. మిగిలింది మధ్యాహ్నం నాలుగు వందల మీటర్ల పందెం ఒక్కటే. మొదటి ఇద్దరికే సీటు.

సోమక్క కొంటా దగ్గర, శబరి నది ఒడ్డున మిరప చేలలో కూలి చేసే ఇంట పుట్టింది. బడి పందేల నుంచి జాతీయ విజేత స్థాయికి ఎదిగింది. ఒలింపిక్స్ రిలేలో మూడో పరుగు ఆమెదే. పతకం రాలేదు, ఆనాటి గుండెదడ మాత్రం ఇప్పటికీ తగ్గలేదు. రైల్వే ఉద్యోగం వదిలి ఆరేళ్లుగా కొంటా పిల్లలకు పరుగు నేర్పుతోంది, పొజ్జే వాళ్లలో ఒకతి. అక్కడ తిన్నగా సున్నపు గీతలు వేయడానికే చోటుంది, వంపు గీయడానికి లేదు.

"ఏంది పిల్లా, గట్లెందుకు పోయినవ్?"

"బాట వంపు తిరిగితే ముందటోళ్ల అడుగుల్ల అడుగెయ్యాలె గద అక్కా! పక్కకు పోతే పామో తేలో ఉంటది. మా అవ్వ నేర్పింది."

సోమక్క కోపం దిగిపోయి నవ్వు తన్నుకొచ్చింది. అడవిలో ప్రాణం కాపాడే అలవాటే ఇక్కడ ముంచింది! మైదానం గోడ వెనక కొత్తగా నాటిన వరి మడులున్నాయి. పిల్లను చెయ్యి పట్టుకుని అక్కడికి లాక్కుపోయింది.

"ఈ గట్టు మీద ఉరుకు. వంపు కాడ దిగుతవా?"

"దిగితే నాటు తొక్కుడైతది. పొలమాయన ఊకుంటడా? కట్టె పట్టుకొని ఎంటబడడూ!"

"గంతే! ఆడ నీ గడే నీ గట్టు. రెండు దిక్కుల నాటే. ముందటిది ఏ గట్టు మీద పోతే నీకేంది?"

పొజ్జే ఆ గట్టు మీద మూడుసార్లు పరుగెత్తింది. మూడోసారి వంపులోనూ వేగం తగ్గలేదు.

మూడు గంటలకు పిస్తోలు పేలింది. మొదటి వంపు దాటేసరికి పొజ్జేది ఐదో స్థానం. "నాటు! నాటు తొక్కకు!" అని సోమక్క మైదానం అంచున కట్టిన తాడు పట్టుకుని అరుస్తుంటే పక్కనున్న శిక్షకులు బిత్తరపోయారు. రెండో వంపులో పొజ్జే ఎడమ పాదం గీత అంచుదాకా వెళ్లింది. వెళ్లి, వెనక్కి వచ్చేసింది! అక్కడి నుంచి ఆమె పరుగు పరుగు కాదు, తుఫాను. ఒకరిని దాటింది, మరొకరిని దాటింది, చివరి పది అడుగుల్లో ఇంకొకరిని దాటి, ఛాతీ వంచి రెండో స్థానంలో దూసుకొచ్చింది.

వంపు దగ్గరి అధికారి గీత తొక్కిందంటూ పసుపు జెండా ఎత్తుతాడేమోనని సోమక్క ఊపిరి బిగబట్టింది. జెండా లేవలేదు. జాబితాలో రెండో పేరు: మడకం పొజ్జే.

"సీటొచ్చిందే!" అంటూ సోమక్క ఆమెను ఎత్తి గిరగిరా తిప్పింది.

రొప్పుతూనే పొజ్జే వికాస్ వైపు చూసింది.

"అక్కా, సారునడుగు. ఇంకోసారి పెడతరా? ఆ మొదటొచ్చినదాన్ని గూడ దాటుత."