బోడికొండ మీద ఓడెట్ మొక్క

మా ఊరి వెనక కొండను బోడికొండ అంటాం. తాతల కాలంలో దానికి వేరే పేరుండేదట. చెట్లన్నీ బొగ్గుల బట్టీల్లోకి పోయాక ఆ పేరు కూడా పోయింది. హైతీలో ఇలాంటి కొండలకు కొదవలేదు. ఏటా వానల ముందు శంఖం ఊదుతారు, నేను డోలు వాయిస్తాను, ఊరంతా పాడుకుంటూ వెళ్ళి మొక్కలు నాటుతుంది. ఇజ్మెనీ అందరికీ జొన్నన్నం, ఉడికించిన కందులు పెడుతుంది. ఎండలు ముదిరేసరికి సగం మొక్కలు మేకలు తింటాయి, మిగతావి మేమే నరుక్కుంటాం. మరుసటి ఏడు మళ్ళీ డోలు. సిగ్గులేని జనం మేం.

ఇజ్మెనీ సంగతి వేరు. ఆ కొండ మీంచి దూకిన వరద ఆమె మొగుణ్ణీ, పిల్ల ఓడెట్‌నూ ఒక్క పూటలో తీసుకుపోయింది. మిగిలింది పెరట్లో మామిడి చెట్టొకటే. మాలో బిడ్డ బొడ్డుతాడు రాలగానే పాతిపెట్టి, దానిమీద మొక్క నాటుతారు. ఇక ఆ చెట్టు ఆ బిడ్డదే, దాని జోలికి ఎవరూ పోరు. ఇజ్మెనీ పొద్దున్నే కాఫీ పట్టుకుని ఓడెట్ చెట్టు కింద కూర్చుని కబుర్లు చెప్పేది. ఆమెకు వేరే తోడు లేదు.

ఒక ఏడు అన్నాలు వడ్డిస్తూ గరిటె ఆపి అంది: "ఈసారి మొక్కల కింద మీ పిల్లల బొడ్డుతాళ్ళు పెట్టండి. అప్పుడెవడు నరుకుతాడో చూస్తా."

చంటిబిడ్డకు పాలిస్తున్న జెస్లీన్ గయ్యిమంది. "నా బిడ్డ ప్రాణం తీసుకెళ్ళి ఆ రాళ్ళల్లో పెట్టమంటావా పిన్నీ? మొక్క ఎండితే? నీకేం పోయింది, పోగొట్టుకోడానికి ఎవరున్నారని!"

ఆ మాట అనకూడదని ఒక్కరు కూడా అనలేదు. ఇజ్మెనీ వడ్డన ముగించింది.

మర్నాడు పొద్దున చూస్తే మామిడి మొదట్లో తవ్వుతోంది.

"ఏంటక్కా ఈ పని?" అన్నాను.

"ఓడెట్‌ని కొండెక్కిస్తున్నా."

బొడ్డుతాడు ఎప్పుడో మన్నైపోయింది. ఏ మన్ను అదో తెలియక, చెట్టు వేళ్ళు తెగుతున్నా ఆగకుండా అంతా బేసిన్లకెత్తింది. నేను కూడా మోశాను. అందరూ చూస్తుండగా కొండ మీద ఆ మన్ను పోసి మొక్క పెట్టింది. మూడోనాడు జెస్లీన్ వచ్చింది, గుడ్డలో ముడేసిన బొడ్డుతాడుతో, తల ఎత్తకుండా. తర్వాత ఒక్కొక్క తల్లీ వచ్చింది, తన బిడ్డ బొడ్డుతాడో, అది పాతిన చోటి మన్నో పట్టుకుని.

ఆ నెలలోనే కుంభవృష్టి. తెల్లవారుతుండగా మొక్కలు ఏమయ్యాయోనని కొండెక్కాను. ఇజ్మెనీ నాకంటే ముందే వచ్చి ఉంది. అందరి మొక్కలూ నిలిచాయి. ఓడెట్ మొక్క ఉన్నచోట మాత్రం నీళ్ళు గండి కొట్టాయి. మొక్క లేదు, ఆ మన్నూ లేదు. అదే కొండ ఆ పిల్లను రెండోసారి తీసుకుపోయింది. నాకు ఏడుపొచ్చింది. ఆమె ఏడవలేదు. గండిలో రాళ్ళు పేర్చి, పక్కనున్న మట్టి పోసి, వేరే మొక్క పెట్టింది.

"ఎవరితోనూ అనకు తమ్ముడూ. తెలిస్తే భయపడి తమవి పీక్కుపోతారు."

నేను అనలేదు. తెగిన వేళ్ళతో పెరట్లో మామిడి ఆ వేసవికే మోడైపోయింది. ఇప్పుడామె కాఫీ పొయ్యి దగ్గరే నిలబడి తాగేస్తుంది.

కొండ మీద మాత్రం ఇన్నేళ్ళుగా ఎవరూ కత్తి ఎత్తలేదు. మేకల్ని కట్టేస్తున్నారు. పిల్లలు వాళ్ళ వాళ్ళ చెట్లకు నీళ్ళు పోసుకుంటున్నారు. ఇజ్మెనీ రోజూ వెళ్ళి, తనకేమీ కాని ఆ చెట్టుకు అందరి ముందూ నీళ్ళు పోస్తుంది.

మొన్న జెస్లీన్ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. వాడి చెట్టు చూసుకుని, ఇజ్మెనీ నీళ్ళు పోస్తున్న చెట్టు వైపు తిరిగి మురిసిపోయింది. "చూశావా పిన్నీ, మీ ఓడెట్ మా వాళ్ళందరినీ మించిపోయింది!"

ఇజ్మెనీ ఆ మొదలు మీద చెయ్యి వేసింది.

"వాళ్ళ నాన్న పొడగరి కదే," అంది.