జంపఖానా మీద జాగా

మోస్రా దగ్గర మా ఊళ్లో వార్డు మెంబర్‌గా గెలిచిన కొత్తలో నేనొక తీర్మానం పెట్టించాను. గ్రామసభలో సర్కారు ఇండ్ల జాబితా చదివేటప్పుడు, సొంతవాళ్ల పేరొచ్చిన మెంబరైనా సర్పంచైనా కుర్చీ దిగి, జనంతో పాటు జంపఖానా మీద కూర్చోవాలి. నోరెత్తకూడదు. సర్పంచ్ నవ్వుతూ సంతకం పెట్టాడు. కాగితం మీది మాటకు ఎవరు భయపడతారు!

తీరా సభ రోజు కార్యదర్శి చదివిన మూడో పేరు మా అవ్వది.

అవ్వంటే మా అమ్మ. చెరకు బాగా పండిన కాలంలో బాపు కట్టిన పెంకుటింట్లో ఒక్కతే ఉంటుంది. ఇప్పుడు వాన పడితే ఆ ఇంట్లో నిలబడే చోటుండదు. ఈసారి పేరు పోతే మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. అయినా లేచాను.

"మా అవ్వ పేరొచ్చింది. నేను దిగుతున్న," అన్నాను.

సభంతా గొల్లున నవ్వింది. "కూసో చెల్లె, ఏం గాదు," అన్నాడు సర్పంచ్. అనడా మరి, జాబితాలో ఆయన తమ్ముడి పేరూ ఉంది! నేను వినలేదు. వెళ్లి అవ్వ పక్కన కూర్చున్నాను. అవ్వ నా తొడ గట్టిగా గిల్లింది. "గిందుకేనా నీకు ఓటేసింది?"

"ఈమెకు ఇల్లు అవసరమేనా? ఎవరన్నా చెప్పుండ్రి," అన్నాడు కార్యదర్శి.

లేచింది ఎవరనుకున్నారు? మా అవ్వ పక్కింటావిడ! కోళ్ల తగాదా అయినప్పటి నుంచి ఇద్దరికీ మాటలు బంద్. ఆదివారం చర్చిలో ఒకే చాప మీద కూర్చున్నా ముఖాలు చెరో దిక్కు. ఇక కొంప మునిగిందనుకున్నాను.

"నేను ఆమెతోని మాట్లాడ. గని వానొస్తే ఇంటినిండ గిన్నెలు పెడ్తది. గా సప్పుడుకు నాకు నిద్ర పట్టది. అబద్ధమెందుకాడాలె? ఇయ్యుండ్రి ఇల్లు!"

చేతులన్నీ లేచాయి. ఎగిరి గంతేయాలనిపించింది, అరవాలనిపించింది. నోరెత్తొద్దని రాయించింది నేనే కదా, పెదవి కొరుక్కుని కూర్చున్నాను.

పదో పేరు సర్పంచ్ తమ్ముడిది. సర్పంచ్ కదలలేదు. కార్యదర్శి దగ్గాడు. జనమంతా ఆ కుర్చీ వంకే చూస్తున్నారు. అప్పుడు పక్కింటావిడ వైపు తిరిగింది మా అవ్వ. కోళ్ల తగాదా తర్వాత ఆమెతో మాట్లాడటం అదే మొదటిసారి.

"జర జరుగు అక్కా. సర్పంచ్ సాబ్‌కు జాగియ్యాలె."

పక్కింటావిడ జరిగింది. సర్పంచ్ కుర్చీ దిగి, జంపఖానా అంచున చెప్పులు విడిచాడు.