ఫినాయిలు పోసింది నేనేనండి

మా మావయ్యగారు, అంటే మా ఆయన నాన్నగారు, పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. నెలనెలా మా పెరట్లో జరిగే కూడికకి వచ్చి, మట్టి గురించీ తిండి గురించీ ఆయన చెప్పేవి విన్నవాళ్లే మీరంతా. మీకు తెలియని కబురు కాదు. అయినా మొదట ఆ మాటే రాయాలి కదా అని రాశాను. నేను ఆరో తరగతి దాకానే చదివాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో ఇప్పటికీ తడబడతాను, అక్షరాలు గీత మీద నిలబడవు. తప్పులుంటే క్షమించాలి. ఆదివారం కూడికలో చదివి వినిపించే టీచరమ్మగారు కాస్త సర్దుకుని చదవాలి. నేను అక్కడే వంటింటి గుమ్మం దగ్గర ఉంటాను గానీ, లేచి మాట్లాడమని మాత్రం అడక్కండి.

ఆయన పోయిన రోజు పొద్దున్న నేను పెరట్లో జీవామృతం డ్రమ్ము, అదే చేనుకి పోసే పేడనీళ్ల ఎరువు, కలుపుతున్నాను. నారుమడి చూసొస్తానని మావయ్యగారు వెళ్లి గంటయింది. పక్క పొలం ఆయన ఫోన్ చేసి, "అమ్మాయ్, ఒకసారి మీ అత్తగారికియ్యి" అన్నారు. ఆ గొంతుతోనే నాకు తెలిసిపోయింది. గట్టు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయారట. ఇంటికి తెచ్చాక ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి, అరచేతికి అంటుకున్న మన్ను కడగబోయారు. అత్తయ్యగారు ఆ చెయ్యి పట్టుకుని, "కడుగుదురు గానీ. కాసేపుండనివ్వండి" అన్నారు.

మాది జంగారెడ్డిగూడెం దగ్గర మెట్ట ఊరు. పెళ్లయి ఇక్కడికొచ్చి ఐదేళ్లు. మా ఆయన కడియం నర్సరీల మొక్కల లారీ నడుపుతారు. వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే. ఇంట్లో ఉండేది అత్తయ్యగారు, మావయ్యగారు, నేను. కోడలు మావగారి ఎదుట కూర్చోకూడదు, ఎదురుగా నిలబడి మాట్లాడకూడదని మా అమ్మ చెప్పి పంపింది. మావయ్యగారూ అంతే. నాతో మాట్లాడాల్సి వస్తే చూపు ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. అందుకని ఆయన ఆవుతో మాట్లాడేవారు.

"ఏమ్మా, మీ అమ్మాయిని ఒక బెల్లం అచ్చు తెచ్చి ఇక్కడ పెట్టమను" అనేవారు, దాని మెడ నిమురుతూ. నేను బెల్లం తెచ్చి అరుగు మీద పెట్టి, "బెల్లం ఇదే ఆఖరని చెప్పవే" అని ఆవుకే చెప్పి లోపలికి వచ్చేసేదాన్ని. అత్తయ్యగారు నవ్వలేక చచ్చేవారు. "మీ ఇద్దరి మధ్యా అది నలిగిపోతోందిరా దేవుడా! పాలు తగ్గితే మీదే పూచీ" అనేవారు.

నా తప్పు సంగతి ఇక చెప్పాలి. దానికోసమే ఈ కాగితం.

నేను కాపురానికొచ్చిన కొత్తలో, ఇంకా ఏడాది తిరగలేదు. మర్నాడు ఆదివారం కూడిక. రాజమండ్రి నుంచి కూడా మనుషులొస్తున్నారని, డాక్టరమ్మగారు వచ్చి అందరికీ బీపీ చూస్తారని ఇల్లంతా హడావిడి. అత్తయ్యగారు రాగులు విసిరించడానికి వెళ్లారు, ఆయన పొలం వెళ్లారు. నేను పెరడు ఊడ్చి, కడిగి, ముగ్గు పెట్టాను. ఎంత చేసినా చూరు కింద నీలం డ్రమ్ము దగ్గర కంపు పోలేదు. ఆవు పేడ, మూత్రం, బెల్లం, శనగపిండి, గట్టు మీది గుప్పెడు మన్ను నీళ్లలో కలిపి, గోనె కప్పి ఉంచుతారు కదా. మూడో రోజుకి నురగ లేస్తుంది, వాసనా లేస్తుంది. అదే దాని ప్రాణమని నాకేం తెలుసు? ఎరువే కదా, పొలానికి పోయేదే కదా అనుకున్నాను. మా పుట్టింట్లో చుట్టాలొస్తున్నారంటే ముందు ఫినాయిలు చల్లుతారు. డ్రమ్ము చుట్టూ చల్లాను. చాల్లేదు. గోనె ఎత్తి, సీసాలో ఉన్నదంతా డ్రమ్ములో పోసేశాను. వాసన తగ్గింది. మంచి పని చేశాననుకుని స్నానానికి వెళ్లాను.

ఆదివారం మీలో చాలామంది ఉన్నారు. చాపల మీద ముప్పై మంది దాకా కూర్చున్నారు. ఒకరు జొన్నరొట్టెలు తెచ్చారు, ఒకరు దంపుడు బియ్యంతో చేసిన దద్దోజనం తెచ్చారు. నేను మజ్జిగ గ్లాసుల పళ్లెం పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను. మావయ్యగారు గోనె తీశారు. కర్ర పెట్టి ఒకసారి తిప్పారు. నురగ లేదు. వంగి వాసన చూశారు. అలాగే వంగి ఉండిపోయారు కాసేపు. ఆయన ఏదో చూపిస్తున్నారని మీరనుకుని ఉంటారు. నేను మాత్రం మజ్జిగ పళ్లెం గడప పక్కన దించేసి, తలుపు చాటుకి జరిగాను.

ఆయన లేచారు. నా వైపు చూడలేదు. ఆవు వైపు చూశారు. తర్వాత మీకేసి తిరిగి, "పొరపాటు జరిగిపోయిందండి. నిన్న కళ్లజోడు పెట్టుకోకుండా, మూత్రం సీసా అనుకుని ఫినాయిలు సీసా వంపేశాను" అన్నారు.

ఎంత నవ్వారో అందరూ! అరటితోట ఆయన అయితే, "ఏంటండీ, బాత్రూములు అయిపోయాయా, ఇంక నేలని కడిగేత్తన్నారా?" అన్నారు. మావయ్యగారూ నవ్వారు. "ప్రతి నెలా మంచిది చూపిస్తన్నాను కదండి. చెడిపోయింది ఎలా ఉంటాదో ఈ నెల చూడండి. రండి, ఒక్కొక్కరూ వాసన చూడండి. బతికున్నదానికి వాసనుంటాది. ఇది ఆసుపత్రి కంపు కొడతంది, అంటే లోపల ఏదీ బతికి లేదు" అని చెప్పారు. ఆ రోజు పాఠం అదే అయింది. ఆ నీళ్లు కాలవలో పొయ్యకూడదని, చేలో అసలే పొయ్యకూడదని, బిందెల కొద్దీ తోడి, ఏమీ మొలవని రోడ్డు పక్క కంకర మీద ఆయనే పారబోశారు. ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

అప్పట్నుంచి ఆయనకి ఫినాయిలు గారని పేరు పడిపోయింది. కూడికకి ఎవరొచ్చినా, "ఫినాయిలు గారూ, ఈ నెల ఏం కడుగుతున్నారు?" అని మొదలెట్టేవారు. "ముందు మీ నోరు కడగాలండి" అనేవారు ఆయన. పెద్దాపురం దాకా పాకిందా పేరు. ఒక్కసారి కూడా ఆయన ముఖం చిట్లించుకోలేదు. నేను మాత్రం ఆ పేరు వినపడగానే లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఆ ఆదివారం సాయంత్రం నేను అన్నం తినలేదు. పెరట్లో ఆవుకి గడ్డి వేస్తూ, నాకు వినపడేలా ఆయన అన్న మాటలు నాకింకా గుర్తే. "చూడవే, మీ అమ్మాయి భయపడి తిండి మానేసినట్టుంది. ఇంటికొచ్చినవాళ్లకి వాసన తగలకూడదనుకోడం తప్పెలా అవుతాదే? తెలీక చేసింది. తెలిస్తే నా కంటే బాగా కలుపుతాది. రేపట్నుంచి డ్రమ్ము పని అమ్మాయిదేనని చెప్పు."

మర్నాటి నుంచి డ్రమ్ము నాదయింది. కర్ర ఎటు మొదలెడితే అటే తిప్పాలని, నీడ కదిలితే డ్రమ్మూ కదపాలని, గట్టు మన్ను గుప్పెడు తీసుకునే ముందు వాసన చూడాలని, అన్నీ ఆవుకే చెప్పారు, నేను నేర్చుకున్నాను. "నేలకి ఆకలేస్తే అరవదమ్మా, మనమే కనిపెట్టుకోవాలి" అనేవారు. అది ఆవుతో అన్నారో నాతో అన్నారో ఎప్పుడూ అడగలేదు.

ఆయన దినం రోజున మీరంతా వచ్చారు. మైకులో ఒకాయన, "ఎంత తెలిసిన మనిషైనా ఒక్కసారి ఫినాయిలు దగ్గర పప్పులో కాలేశారు" అంటే అందరూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు. నేను విస్తళ్లు వేస్తున్నాను. అప్పుడే చెప్పాలనిపించింది. వంగి తర్వాతి విస్తరి వేశాను. వచ్చే కూడికలో ఆయన ఫొటో కింద 'మన ఫినాయిలు గారు' అని రాయించి పెడతామన్నారు. ప్రేమతో పెట్టిన పేరే. తీసెయ్యమని నేననను. కానీ ఆ పేరుతో ఆయన బొమ్మ పెట్టే ముందు, ఆ సీసా ఎవరి చేతిలో ఉందో మీకు తెలియాలి. ఆయన ఏనాడూ పొరపాటున సీసా మార్చలేదు. పోసింది నేను. నాలుగేళ్లు నోరు మూసుకుని ఆయన్ని నవ్వులపాలు కానిచ్చిందీ నేనే.

నిన్న అత్తయ్యగారికి మొదటిసారి చెప్పాను, ఏడుస్తూ. ఆవిడ చిక్కుళ్లు ఒలుస్తున్నారు. ఒలవడం ఆపలేదు.

"నాకు తెలుసులేవే. ఆ రోజే తెలుసు."

"ఆయన చెప్పారా అండి?"

"ఆయన చెప్తారా! ఈ ఇంట్లో ఫినాయిలు సీసా ఎక్కడుంటాదో ఆ మనిషికి తెలిస్తే కదే, పొయ్యడానికి!" అన్నారు. అని, చేటలోకి వంగి, ఒలిచిన గింజలు తీసుకెళ్లి తొక్కల్లో వేసేశారు.

ఇప్పుడు పొద్దున్నే డ్రమ్ము తిప్పుతూ నేనే ఆవుతో మాట్లాడుతున్నాను. నురగ బాగా లేచింది, మీ అయ్యగారికి చెప్పవే అంటాను. అది చెవి ఆడిస్తుంది. ఆదివారం గోనె తీసేది నేనే. మాట్లాడను గానీ, కర్ర తిప్పి చూపిస్తాను.

ఈ కాగితం చివర 'చదివాక కాల్చేయండి' అని రాశాను మొదట, సిగ్గేసి. తర్వాత కొట్టేశాను. ఆయన ఉన్నన్నాళ్లూ మా పెరట్లో ఆకు కూడా తగలబెట్టనివ్వలేదు. కొబ్బరి మట్టలు, చెరకాకు, ఆఖరికి మెరుపు పూత లేని శుభలేఖలు కూడా చింపి ఎరువు గుంటలోనే వేసేవారు. అందుకని టీచరమ్మగారూ, కాల్చకండి. చదవడం అయ్యాక నలుగురూ తలా ముక్కా చింపి గుంటలో వేసెయ్యండి. పైన చెంబుడు జీవామృతం నేను పోస్తాను. వానలు వెలిశాక వచ్చి, అక్కడి మన్ను ఒక గుప్పెడు తీసి వాసన చూడండి. ఫినాయిలు వాసన రాదు లెండి.