కోర్టుకెక్కిన నా పాంటు

మొన్న మా జూనియర్ పెళ్ళికి వెళితే విడిది గదిలో చర్రుమని శబ్దం వినిపించింది. బట్ట చిరిగిందేమోనని కంగారుపడ్డాను. పెళ్ళికొడుకు పకపకా నవ్వాడు. అది రెడీమేడ్ పంచెట. కుచ్చిళ్ళు ముందే కుట్టి ఉంటాయి, నడుము దగ్గర వెల్క్రో అతికిస్తే చాలునట. "ఊడదు సార్" అంటూ ఇంకోసారి చర్రుమనిపించి చూపించాడు. నాకు మస్తాన్ బాబాయ్ గుర్తొచ్చాడు.

ఎనభైల్లో నేను గురజాలలో కొత్త ప్లీడర్ని. మస్తాన్ బాబాయ్ మా సీనియర్ గారి గుమాస్తా. ఎప్పుడూ కుట్టిన తెల్ల లుంగీయే కట్టేవాడు. కోర్టు వరండాలో బల్ల మీద కూర్చుని, వచ్చే మనిషి కట్టు చూసి వచ్చిన పని చెప్పేసేవాడు. "గోచీ పోసి పంచె కట్టినాయన సాచ్చికానికొచ్చాడు. ఎగ్గట్టిన లుంగీ దించకుండా మెట్లెక్కేవాడు తగాదాకొచ్చాడు. లుంగీ మీద బెల్టు పెట్టిన ఆ కుర్రోడికి ఏ పనీ లేదు, ఊరికే చూసిపోను వచ్చాడు." ఒక్కటీ తప్పేది కాదు. గోచీ పంచె పాతకాలం, బెల్టు లుంగీ కొత్తకాలం, అంతే కదా అన్నానొకసారి. "కాలం కాదు బాబూ, కట్టుకున్నోడికి అది అలవాటా కాదా, అది చూడాల" అన్నాడు. నేను పెద్దగా పట్టించుకోలేదు. కొత్తగా చదువుకొచ్చిన పొగరు మరి.

ఆ పొగరుతోనే కోటయ్య గారి దావా పాడుచేయబోయాను. ఆయన పొలానికి బండి వెళ్ళే దారి ఒక్కటే. పక్క రైతు దానికి కంప అడ్డం వేశాడు. దావా ఓడితే ఆయన బండి ఇక పొలానికి చేరదు. సాక్ష్యం చెప్పే రోజున ఆయన మట్టి రంగు తిరిగిన పంచెతో వచ్చాడు. జడ్జిగారి ముందు మర్యాదగా కనపడాలని నా టెర్లిన్ పాంటు ఇచ్చి బలవంతంగా తొడిగించాను. ఆయనది బక్క నడుము, నాది అప్పటికే బొజ్జ. బెల్టు కూడా ఇవ్వాలని నాకు తోచలేదు.

బోనెక్కిన కోటయ్య గారు రెండు చేతులతో నడుము పట్టుకుని నిలబడ్డాడు. ఆ దారిన ఎన్నాళ్ళుగా వెళుతున్నారని అవతలి ప్లీడరు అడిగితే కిందికి చూశాడు, నీళ్ళు నమిలాడు. అబద్ధం చెప్పేవాడు ఎలా ఉంటాడో అచ్చం అలాగే ఉన్నాడు. అదృష్టం బాగుండి భోజన విరామం వచ్చింది.

వరండాలో మస్తాన్ బాబాయ్ నా మీద మండిపడ్డాడు. "చేతులు నడుం కాడుంటే మాటెట్టొస్తది బాబూ? కోటయ్య బావా, నీ పంచేదీ?" అని ఆయన సంచిలోంచి పంచె తీయించాడు. గోడచాటున కోటయ్య గారు కుచ్చిళ్ళు పెట్టి, గోచీ బిగించి, ఇవతలికి వచ్చేసరికి వేరే మనిషి.

విరామం తర్వాత అదే ప్రశ్న. ఈసారి కోటయ్య గారు తలెత్తి చెయ్యి చాపాడు. "మా నాయన తోలాడు, నేను తోలుతున్నా. నా మాట మీద నమ్మకం లేకపోతే ఆ కంప తీసి మా ఎడ్లని వదలండయ్యా. నేను లేకపోయినా అయ్యే పోతయ్!" కోర్టంతా నవ్వింది, జడ్జిగారితో సహా. దారి కోటయ్య గారికే దక్కింది. పాంటు నాకు తిరిగిస్తూ, "మంచిదేనయ్యా, కాకపోతే నాది కాదు" అన్నాడాయన. సిగ్గుతో తీసుకున్నాను.

మస్తాన్ బాబాయ్ పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ సాక్షిని బోనెక్కించే ముందు నేను కాగితాల కంటే ముందు అతని చేతులు చూస్తాను. బాబాయ్‌ని తలుచుకోని రోజు లేదంటే అతిశయోక్తి కాదు. ఆ పెళ్ళిలోనూ అలవాటుగా పెళ్ళికొడుకు చేతుల వైపే చూశాను. ఒక్కసారి కూడా నడుము దగ్గరికి పోలేదవి. వచ్చినవాళ్ళకల్లా నమస్కారాలు పెడుతూ, తలంబ్రాలు దోసిళ్ళతో పోస్తూ, హాయిగా ఆడుతున్నాయి. బాబాయ్ ఉంటే ఆ చర్రుమనే పంచెను కూడా మెచ్చుకునేవాడు.