కిటికీ లేని గది బయట మా అత్త

మా మేనత్త పోయిన సోమవారం కన్నుమూసింది. కదిరి బడిలో పాఠం చెబుతుండగా మా తమ్ముడు వచ్చి గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, అత్త పోయింది" అన్నాడు. పొద్దున గోడ నీడన కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయిందట. ఏ గోడ అని నేను అడగలేదు.

మీలో ఎవరైనా మా తాలూకా ఊరి సబ్‌జైలు ముందు నుంచి నడిచి ఉంటే, వీధి వైపు గోడకు వీపు ఆనించి, ఎవరూ లేని చోట మాట్లాడుతున్న ముసలమ్మను చూసి ఉంటారు. పిచ్చిదనుకునీ ఉంటారు. ఆమే మా అత్త. ఆ గోడ వెనకాల ఆడఖైదీల గది ఉంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో ఆమెకు ఆ జైలులో పని దొరికింది. ఆడమనిషిని పట్టుకొచ్చినప్పుడల్లా కబురు పంపేవారు. సోదా చేయాలి, కాపలా ఉండాలి. తాళంచెవి మాత్రం ఆమెకు ఇచ్చేవారు కాదు. ఒకప్పుడు రాగులు పోసుకున్న కొట్టు అది. పైన బండల మిద్దె, ముందు చెక్క తలుపు. కిటికీ లేదు. ఎండాకాలం తలుపు మీద చెయ్యి పెడితే కాలేది.

నేను కొత్తగా టీచరునై అత్త ఇంట్లోనే ఉండేదాన్ని. ఆమె అన్నం ముందు కూర్చుని కూడా ఆ గది సంగతే మాట్లాడేది. శిక్ష వేసేది జడ్జి, ఆయప్ప వేయని శిక్ష ఈ గోడలు వేయకూడదు అనేది. తాసిల్దారు తనిఖీకి వచ్చిన ప్రతిసారీ ఎదురుపోయి కిటికీ అడిగేది. ఆయన నవ్వి, ఇది సత్రం కాదమ్మా అన్నాడట ఒకసారి.

"సామీ, ఈ గది ఎవుర్నో ఒకర్ని మింగుతాది. ఆ పొద్దు కిటికీ పెట్టి ఏం లాభం?" అన్నదట అత్త.

వరసగా వానలు ఎగ్గొట్టిన ఏడు అది. జైలు బావి అడుగంటి, నీళ్లు బండి మీద వచ్చేవి. వచ్చిన పొద్దు వచ్చేవి, రాని పొద్దు తాగను కూడా లేవు. అప్పుడే ఒక కూలి మనిషిని తెచ్చారు. రైతు విత్తనానికి దాచుకున్న శెనక్కాయలు కొంగులో కట్టుకుపోతూ దొరికిందట. నిండు చూలాలు. మొగుడు బెంగుళూరు వైపు పనికి పోయినాడు. జామీను నిలబడేవాళ్లు లేరు. మేజిస్ట్రేటు క్యాంపులో ఉన్నాడు. గది లోపల ఆమె, గది బయట మా అత్త.

ఒక మధ్యాహ్నం అత్తకు సంగటి తీసుకుపోయాను. తాసిల్దారు వెంట హెడ్‌వార్డరు పల్లెలకు పోయినాడు. తాళంచెవి ఆయన నడుములోనే ఉంది. లోపల నుంచి సన్నగా గొంతు వినిపించింది.

"అక్కా, ఉండావా?"

"ఈడనే ఉండా. యాడికీ పోను" అన్నది అత్త.

కాసేపటికి మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. మధ్యలో మూలుగు. నొప్పులు మొదలైనాయని అత్త సెంట్రీకి చెప్పింది. తాళం పగలగొడితే తన ఉద్యోగం పోతుందని అతను తల దించుకున్నాడు. తర్వాత ఇంకో మూలుగు వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. అత్త తలుపుకు చెవి ఆనించింది, పేరు పెట్టి పిలిచింది.

అత్త వంటపాకలోకి పోయి కట్టెలు కొట్టే గొడ్డలి తెచ్చింది. సెంట్రీ తుపాకి ఎత్తాడు.

"కాల్చుకో నాయనా. ఇద్దరు పోయే చోట ముగ్గురం పోతాం" అని, అతని వైపు చూడకుండానే గొళ్లెం మీద కొట్టింది. తుపాకి మెల్లగా దిగింది.

తల్లి బతికింది. బిడ్డ ఏడవలేదు.

విచారణకు పెద్ద అధికారి వచ్చాడు. సర్కారు తాళం ఎవరు పగలగొట్టారని అడిగాడు గాని, ఆ గదిలో గాలి ఎట్లా వస్తుందని ఎవరూ అడగలేదు. అత్తను పనిలోనుంచి తీసేశారు. తలుపుకు ఇనప రేకు కొట్టి, పాతదానికంటే పెద్ద తాళం వేశారు. కోర్టులో ఆ రైతు, శెనక్కాయలు తీసింది ఈమేనని చెప్పలేనన్నాడు. ఆమెను వదిలేశారు. అత్త ఆమెను బస్సు ఎక్కించి వచ్చి, ఆ పూట అన్నం ముట్టలేదు.

అప్పటి నుంచి, లోపల ఆడమనిషి ఉందని తెలిస్తే చాలు, అత్త వీధి వైపు పోయి గోడకు ఆనుకుని కూర్చునేది. రాళ్ల సందున మాట పోతుందో లేదో తెలియదు. ఊరి సంగతులన్నీ చెప్పేది. ఎందుకత్తా ఈ ఎండలో అని ఒకసారి అడిగితే, లోపల ఇంతకంటే ఎండ ఉండాదే అన్నది. ఏ అధికారి వచ్చినా, ఏ మంత్రి వచ్చినా పోయి అడిగేది. కిటికీ పెట్టండి, తాళంచెవి ఆడమనిషికి ఇయ్యండి, చూలాలిని మూసి పెట్టవద్దండి. అందరూ చూస్తామన్నారు.

మంగళవారం ఆమెను మట్టి చేసి, అందరం జైలు వీధి మీదుగా తిరిగి వస్తున్నాము. మళ్లీ కరువు ఏడే. అత్త కూర్చునే గోడ నీడ ఖాళీగా ఉంది. కానిస్టేబులు ఒకామెను నడిపించుకు వస్తున్నాడు. ఆమె గేటు ముందు ఆగి రోడ్డు వైపు ఒకసారి తిరిగి చూసింది. పెద్దల ఇంట్లోకి పోయేటప్పుడు కప్పుకున్నట్టు కొంగు తల మీదికి లాక్కుంది. వంగి లోపలికి పోయింది.