వెనక గది చుట్టరికం

భిలాయి సెక్టర్ 6లో మేము అద్దెకున్న గది నిజానికి గదే కాదు. కంపెనీ క్వార్టరు వెనక వరండాకి రేకులు కొట్టి, పరదా కట్టి, దానికి గది అని పేరు పెట్టారు. ఆ క్వార్టరు ఒక స్టీలు ప్లాంటు ఉద్యోగిది. మాది శ్రీకాకుళం జిల్లా టెక్కలి వైపు, వాళ్లదీ అటే. నాన్న హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీల పేటలో ఒక చిన్న కార్ఖానాలో వెల్డింగు చేసేవాడు, పనున్న రోజే కూలి. అమ్మ సెక్టర్లో రెండిళ్లకి వంట చేసేది. ఆ గది ఉండబట్టే నేను బడికి నడిచి వెళ్లగలిగేదాన్ని. అది పోతే నా ఆరో క్లాసు కూడా పోయినట్టే.

క్వార్టరు అద్దెకివ్వకూడదు. చుట్టాలొచ్చి ఉంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. అందుకని మమ్మల్ని చుట్టాల్ని చేసేశారు. నాన్న ఆ ఇంటావిడకి తమ్ముడట. పొద్దున్నే జడ వేస్తూ అమ్మ నాచేత పాఠం అప్పజెప్పించుకునేది.

"ఎవులైనా అడిగితే ఆవిడ నీకు ఏటవుద్ది?"

"మేనత్త."

"ఆయన?"

"మావయ్య."

బడిలో ఏ పాఠమూ నాకింత బాగా రాలేదు. ఎవరూ లేనప్పుడు మాత్రం ఆవిడ ఆంటీయే, ఆయన అంకులే, ఐటీఐ చదివే వాళ్లబ్బాయి భయ్యాయే. భిలాయిలో పుట్టినదాన్ని, నా నోటికి అవే అలవాటు.

ఆ శ్రావణంలో బడిలో ఆడపిల్లలందరికీ రాఖీల గోలే. నాకు అన్నదమ్ములు లేరు. అమ్మని వేధించి పవర్ హౌస్ బజార్లో ఒక రాఖీ కొనిపించుకుని భయ్యాకి కట్టేశాను. అమ్మ మురిసిపోయింది. ఆంటీ నా నోట్లో బర్ఫీ పెట్టింది. అంతమంది పెద్దవాళ్లున్నారు, ఒక్కరి బుర్రకీ ఏమీ తట్టలేదు.

మూడో రోజు పొద్దున్నే కంపెనీ నుంచి క్వార్టర్ల తనిఖీ వాళ్లు వచ్చారు. పక్క లైన్లో ఎవరిదో సామాను అప్పటికే రోడ్డు మీద వానలో తడుస్తోంది. వచ్చినవాళ్లు ఇద్దరు. ఒకతను హిందీవాడు, ఫోనుతో ఫొటోలు తీస్తున్నాడు. రెండో ఆయన వయసులో పెద్ద, నోరు విప్పడంలేదు.

"యే లోగ్ కౌన్ హై?" మేమెవరమని అడిగాడు హిందీవాడు.

"మేరా సాలా హై, సాబ్. దస్ దిన్ కే లియే ఆయా హై," అన్నాడు అంకుల్, బావమరిది పది రోజులకని వచ్చాడని.

అతను రాసుకుని వెళ్లబోయాడు. నాకు ఊపిరి తిరిగొచ్చింది. అప్పుడు పెద్దాయన అచ్చం మా మాటలోనే అడిగాడు.

"ఏ ఊరు మీది?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నాన్న అడగనిదానికి జవాబు చెప్పాడు. "అక్కేనండి, సొంత అక్క."

భయ్యా మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు. గ్లాసు అందుకుంటూ ఆయన భయ్యా మణికట్టు వైపు చూశాడు.

"రాఖీ ఎవులు కట్టినారు బాబూ?"

భయ్యా తడబడ్డాడు. ఎందుకు తడబడుతున్నాడో నాకర్థం కాలేదు. చుట్టరికానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? నేనే ముందుకి వచ్చి, "నేనే కట్టాను!" అన్నాను.

అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. మేనత్త కొడుకంటే నాకు బావ అవుతాడని, పెళ్లాడదగ్గ వరసని, బావకి రాఖీ కట్టే పిల్ల మా ఊళ్ల వైపు ఎక్కడా ఉండదని నాకు తట్టలేదు. నా పాఠంలో ఆ ముక్క లేదు.

"మేనత్త కొడుక్కి రాఖీ కట్టిన పిల్లని ఇదే సూడ్డం," అన్నాడాయన. నవ్వలేదు.

"క్యా హువా, సర్?" ఏమైందని అడిగాడు హిందీవాడు.

ఆయన మా పరదా వైపు, దాని వెనక స్టవ్వు వైపు, మేకుకి వేలాడుతున్న నా బడి సంచి వైపు చూశాడు. నా భుజం మీద నాన్న చెయ్యి నొప్పెట్టేలా బిగిసింది.

"కుఛ్ నహీ. రిస్తేదార్ హై, లిఖ్ లో," అని, చుట్టాలేనని రాసుకోమన్నాడు చివరికి. ఆ తర్వాత అంకుల్‌తో మెల్లగా, "మళ్లీ వొచ్చీసరికి ఈ సుట్టాలు ఊరెల్లిపోవాల. నేను కాపోతే ఇంకొకడు కనిపెట్టేస్తాడు," అన్నాడు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఇప్పటికీ నా కోపమల్లా, అద్దె కట్టి కూడా అబద్ధంలో బతకాల్సి వచ్చినందుకే.

అంకుల్‌కి రిటైర్మెంటు దగ్గరపడింది, ఆయన భయం ఆయనది. మమ్మల్ని ఖాళీ చేయించడానికి ఆదివారం దాకా కూడా ఆగలేదు. నాన్న కార్ఖానా వెనక ఒక షెడ్డు చూశాడు. అక్కణ్ణుంచి నా బడికి నడిచి వెళ్లడం అయ్యేపని కాదు. ఆటోలో గిన్నెలు సర్దుతూ అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. నాలుగు తిట్టుంటే బాగుండేది. పరిగెత్తుకెళ్లి ఆంటీని పట్టుకున్నాను.

"ఆంటీ, నేను తప్పు చెప్పానా?"

ఆవిడ ఏడుస్తూనే నా తల నిమిరింది. "నేదమ్మా. ఆ పూట మా అందర్లో నిజం సెప్పింది నువ్వొక్కదానివే," అంది. అని, పక్క క్వార్టరు వాళ్లు చూస్తున్నారని లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.